వాలంటీర్‌గా విదేశాలకు వెళ్లి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? తర్వాత ఏమైంది?

తెల్లకాగితం

అందరికీ నమస్తే. నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఆరేళ్లుగా ఫిజిక్స్ చెప్తున్నాను. పొద్దున ఆరున్నరకు స్టడీ అవర్, రాత్రి ఇంటికొచ్చేసరికి తొమ్మిది. ఓ రెండేళ్లు ఏదైనా బయటి దేశంలో, బడిలోనో టీచర్ల ట్రైనింగ్‌లోనో వాలంటీర్‌గా పనిచేయాలని ఉంది.

నెట్‌లో దొరికేవన్నీ వెళ్లిన మూడో నెలలో రాసినవే. ఫొటోల్లో అందరూ పిల్లల్ని ఎత్తుకుని నవ్వుతుంటారు. నాకు అవి వద్దు. తిరిగొచ్చి పదేళ్లు, పదిహేనేళ్లు అయినవాళ్లుంటే చెప్పండి. ఉద్యోగం దొరికిందా? ఇంట్లో ఏమన్నారు? ఇప్పుడు తల్చుకుంటే ఏమనిపిస్తుంది?

మా అమ్మ ఒకటే ప్రశ్న అడుగుతోంది: "సేవ చెయ్యాలంటే మన ఊళ్లో బడి లేదా?" దానికి నా దగ్గర జవాబు లేదు.

లెక్కలటీచర్

మీ అమ్మగారి ప్రశ్నే మా అమ్మా అడిగింది. అప్పుడు నా దగ్గరా జవాబు లేదు, ఇప్పుడూ లేదు. కాబట్టి దాని దగ్గరే ఆగిపోకండి.

మాది విశాఖపట్నం. 2006 సెప్టెంబర్ నుంచి 2008 ఆగస్టు దాకా ఇథియోపియాలో ఉన్నాను. వీఎస్ఓ ద్వారా వెళ్లాను. వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్ అని, వాలంటీర్లను వేరే దేశాలకు పంపే సంస్థ, 1958లో బ్రిటన్‌లో పెట్టారు. నేను వెళ్లేనాటికి మన దేశం నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి, కెన్యా నుంచి కూడా పని అనుభవం ఉన్నవాళ్లను తీసుకునేవాళ్లు. విమానం టికెట్, ఇన్సూరెన్స్, ఉండడానికి చిన్న ఇల్లు ఇచ్చారు. నెలనెలా చేతికొచ్చేది అక్కడి లెక్చరర్ జీతానికి అటూ ఇటూగా ఉండేది. దాంతో బతకొచ్చు, ఇంటికి పంపలేం. ఇది ముందే ఇంట్లో చెప్పండి. మా చుట్టాల్లో సగంమంది నేను డాలర్లు దాస్తున్నానని ఇప్పటికీ నమ్ముతారు.

నాకప్పుడు 33. నిజం చెప్పాలంటే సేవాభావం పొంగి వెళ్లలేదు. పెళ్లిచూపుల్లో పదకొండో సంబంధంవాళ్లు "అమ్మాయి రంగు తక్కువ" అని కబురు పంపిన వారమే అప్లికేషన్ నింపాను. ఇంటర్వ్యూలో ఎందుకు వెళ్లాలనుకుంటున్నారని అడిగితే వేరే కారణాలు చెప్పాను. అవీ నిజాలే, కానీ మొదటిది అది.

నన్ను వేసిన ఊరు దెబ్రె బిర్హాన్. అదిస్ అబాబాకు ఈశాన్యాన 130 కిలోమీటర్లు, ఎత్తు 2,800 మీటర్లకు పైనే. సముద్రం ఒడ్డున పెరిగినదాన్ని, మొదటి నెలంతా నాలుగు మెట్లెక్కితే ఆయాసం. తెల్లారి కుళాయి నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. ఊళ్లోనే దుప్పట్ల ఫ్యాక్టరీ ఉంది. మొదటి నెల డబ్బుతో నేను కొన్నది చీరా కాదు, చెప్పులూ కాదు, ఒక ఉన్ని దుప్పటి. దాని సంగతి తర్వాత.

పనేమిటంటే, అక్కడి టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో, ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా చెప్పబోయే టీచర్లకు లెక్కలు ఎలా చెప్పాలో చూపించడం. వాళ్లు చదువు ముగించి వెళ్లే బళ్లలో తరగతికి అరవై, డెబ్బైమంది పిల్లలుంటారు. పుస్తకం ముగ్గురికొకటి.

భాష గురించి ఒక్క మాట, ఎందుకంటే మనవాళ్లకు అక్కడ ఒక లాభముంది. అమ్హారిక్ లిపిలో 33 అక్షరాలు, ఒక్కోదానికి 7 రూపాలు. అంటే గుణింతమే! ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు 231 బొమ్మలు బట్టీ పట్టాలని తల పట్టుకుంటే, నేను హ, హు, హి అని ఒకటో తరగతిలోలా గోడ మీద రాసుకుని మూడు వారాల్లో షాపు బోర్డులు చదివేశాను. చదవడమే లెండి, అర్థం చాలా తర్వాత తెలిసింది. ఆటోని అక్కడ బజాజ్ అంటారు, అది మాత్రం నేర్చుకోనక్కర్లేకపోయింది. తిండికీ ఇబ్బంది పడలేదు. మాది మాంసం తినని ఇల్లు. అక్కడ బుధ, శుక్రవారాలు ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఉపవాసం. మాంసం, పాలు, గుడ్డు ఏదీ ముట్టరు. హోటల్లో "యెత్సోమ్" అంటే చాలు, ఇంజెరా మీద, అంటే పులియబెట్టిన పిండితో పోసిన పెద్ద అట్టు మీద, నాలుగు రకాల పప్పులు, కూరలు వడ్డిస్తారు. షిరో అనేది మన బొంబాయి చట్నీకి అక్కలాంటిది, కారం మాత్రం రెండింతలు.

మొదటి వానాకాలం బజారులో బురదలో జారి బోర్లా పడ్డాను. పుస్తకాలు ఒకవైపు, చెప్పు ఒకవైపు. రోడ్డు మీద ఉన్న పదిమందీ ఒక్కసారే "అయిజోష్!" అన్నారు. ధైర్యంగా ఉండు, ఏం కాలేదు అని. మగవాళ్లకైతే అయిజోహ్ అంటారు. ఒక్కళ్లూ నవ్వలేదు. మన దగ్గరైతే ముందు నవ్వి, తర్వాత లేపి, ఆపైన "చూసుకుని నడవాలి కదమ్మా" అంటారు. తూలినా, ఏడ్చినా, పరీక్షకు వెళ్తున్నా, మూట మోస్తున్నా అన్నింటికీ అదే మాట.

ఇక నేను చేసిన ఘనకార్యం. ఊరి చివర ఒక ప్రాథమిక బడిలో లెక్కల గది పెట్టాను. మనం చింతపిక్కలతో లెక్కలు నేర్చుకున్నాం కదా, అక్కడ సీసా మూతలతో. వాటిని కొర్కీ అంటారు. హోటళ్ల వెనక తిరిగి బస్తాడు కొర్కీలు ఏరాను. కడిగి, రంగులేసి, పదుల కట్టలు, వందల పెట్టెలు, అట్టముక్కలతో గడియారాలు, నలభై డబ్బాలు. ఒక్కో డబ్బా మీద అమ్హారిక్‌లో నా చేతిరాతతో పేరు. ప్రారంభానికి పెద్దలొచ్చారు, మూడు విడతలు కాఫీ పోశారు. ఫొటో తీసుకున్నాం.

నేను వచ్చేసిన ఆరు నెలలకే గదికి తాళం పడింది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదట. చాలా ఏళ్లు నేను ఆ బడిని తిట్టుకున్నాను. ఒకరోజు ఇక్కడ మా స్కూల్లో ల్యాబ్ అటెండర్ "తాళంచెవి మేడమ్ దగ్గరే ఉంటుందండి" అని ఎవరితోనో అంటుంటే విని, అక్కడే కూర్చుండిపోయాను. దెబ్రె బిర్హాన్‌లోనూ ఆ తాళంచెవి నా మెడలోనే ఉండేది. డబ్బాలు పోతాయని భయం. ఆ బడి టీచర్లు తమ బడిలో కొర్కీలు కావాలంటే వారానికి రెండుసార్లు వచ్చే నన్ను అడగాలి. ఇంక ఆ గది వాళ్లదెలా అవుతుంది?

దెబ్రె బిర్హాన్‌లో మా కాలేజీలో లెక్కలు చెప్పే ఒక పెద్దాయన ఉండేవారు. అక్కడ పెద్దవాళ్లను గాషె అంటారు, మన అన్నగారు లాగా. ఇక్కడా ఆయన్ని గాషె అనే రాస్తాను. ఆయన తన విద్యార్థులను ఎవరి కొర్కీలు వాళ్లే జేబులో వేసుకు రమ్మనేవారు. క్లాసంతా గలగల. రంగుల్లేవు, డబ్బాల్లేవు. ఇదేం పద్ధతి అనుకునేదాన్ని. ఆ జేబుల్లో కొర్కీలే జిల్లా అంతా వెళ్లాయి.

తిరిగొచ్చాక ఉద్యోగం సంగతి అడిగారు. పాత స్కూల్లో మళ్లీ చేరాను, కొత్తగా చేరినవాళ్ల జీతానికి. ఎందుకో తెలుసా? ఇథియోపియా క్యాలెండర్ మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తుంది. మేం 2007 సెప్టెంబర్ 12న వాళ్ల 2000 సంవత్సరానికి స్వాగతం చెప్పాం, ఊరంతా దీపాలు. నా సర్వీస్ సర్టిఫికెట్ మీద అక్కడి లెక్క ప్రకారం 1999 నుంచి 2000 అని వేశారు. ఆఫీసులో గుమస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, "మేడమ్, 1999లో మీరు మా దగ్గరే అటెండెన్స్ పెట్టారు కదా" అన్నాడు. అది వాస్తవమే! ఎంత చెప్పినా దొంగ కాగితం చూసినట్టే చూశారు. ఆ రెండేళ్లు అనుభవంలో కలపలేదు. 2008 డీఎస్సీ రాశాను, రాలేదు. రెండేళ్లు లెక్కల మెథడాలజీ ఇంగ్లిష్‌లో చెప్పి వచ్చి, తెలుగు అకాడమీ పుస్తకాలు ముందేసుకుంటే ఏం వస్తుంది.

అన్నిటికంటే కష్టం మాత్రం ఇది కాదు. ఎవరూ ఏమీ అడగరు. "సింహాలున్నాయా, ఎండ ఎక్కువా, నల్లబడ్డావేం", ఈ మూడూ అయ్యాక టీవీ వైపు తిరిగిపోతారు. చలికి వణికి వచ్చానంటే నమ్మరు. 2011లో పెళ్లయింది. ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న "అక్కడ కందిపప్పు దొరికేదా?" అని. ప్రశ్న చిన్నదే, కానీ నా జవాబు మొత్తం విన్నాడు. గంట పట్టింది.

కాంట్రాక్ట్_మాస్టారు

మేడమ్ బాగా రాశారు. నేనూ అదే కాలంలో అక్కడే ఉన్నాను, వేరే ఊళ్లో, ఒక యూనివర్సిటీలో కాంట్రాక్టు మీద. జీతం డాలర్ల లెక్కన. అప్పట్లో కొత్త యూనివర్సిటీలు వరసగా తెరిచారు, మన ఆంధ్రా నుంచి వందలమంది వచ్చాం. మా డిపార్ట్‌మెంట్‌లోనే నలుగురు తెలుగువాళ్లం.

తమ్ముడూ, ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. పాఠం చెప్పడానికే వెళ్లేటప్పుడు జీతం తీసుకుంటే తప్పేంటి? నేను పంపిన డబ్బుతో చెల్లి పెళ్లయింది, ఇల్లు లేచింది. పిల్లలకు పాఠమూ చెప్పాను. వాలంటీర్ అనే మాటలోనే ఏదో పుణ్యం ఉన్నట్టు మాట్లాడతారు, నాకు నచ్చదు.

ఇంకొకటి, అక్కడి పెద్దవాళ్లకు ఇండియన్ టీచర్ కొత్త కాదు. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలోనే మనవాళ్లు, ఎక్కువగా కేరళవాళ్లు, బళ్లలో పాఠాలు చెప్పడానికి వెళ్లారు. బ్యాంకులో, మార్కెట్లో ముసలివాళ్లు ఆపి మరీ "నా లెక్కల మాస్టారు ఇండియన్" అనేవారు. ఆ మాస్టార్లూ జీతానికే వెళ్లారు.

లెక్కలటీచర్

మాస్టారూ, మీరన్నది ఒప్పుకుంటాను. పుణ్యం ఏమీ లేదు. నన్నూ ఒక పోస్టాఫీసు పెద్దాయన అలాగే ఆపి, ఎక్కాలు అప్పజెప్పి వినిపించాడు, పన్నెండో ఎక్కం దాకా.

ఒక్క తేడా మాత్రం చెప్తాను. 2008లో టెఫ్ ధర, ఇంజెరాకి వాడే గింజలు అవి, నెలనెలా పెరిగిపోయింది. మా కాలేజీవాళ్లు ఇంజెరాలో జొన్నపిండి కలుపుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల జీతమే నాదీ కాబట్టి నేనూ కలిపాను. దాంతో నాతో మాట్లాడే మాట మారింది. అంతకుముందు నాకు చెప్పని సంగతులు చెప్పడం మొదలుపెట్టారు. అది మీకు జరగలేదని కాదు, నాకు ఎప్పుడు జరిగిందో చెప్తున్నాను.

నైట్‌డ్యూటీ

నేను నర్సుని. దక్షిణ సూడాన్‌లో యూఎన్ వాలంటీర్‌గా పనిచేశాను, జూబాలో. పాత కథలు బాగున్నాయి కానీ అడిగినాయనకు ఇప్పటి దారి కూడా కావాలి కదా.

యూఎన్ వాలంటీర్స్ అనేది 1970 నుంచి ఉంది, ఆఫీసు జర్మనీలో బాన్‌లో. వెబ్‌సైట్‌లో ప్రొఫైల్ పెట్టుకోవాలి, పోస్టులు పడుతుంటే అప్లై చేయాలి. మీ వయసుకు స్పెషలిస్ట్ కేటగిరీ, 27 దాటినవాళ్లకు. జీతం అనరు, లివింగ్ అలవెన్స్ అంటారు, ఊరినిబట్టి మారుతుంది. మా దగ్గర ఉండడానికి కంటైనర్ గది. సాయంత్రం తర్వాత గేటు దాటడానికి లేదు. ఊరిని కారు అద్దంలోంచి చూసిందే ఎక్కువ. మేడమ్‌లా బురదలో జారిపడే అదృష్టం కూడా దక్కలేదు.

ఎవరైనా ముందే "ప్రాసెసింగ్ ఫీజు కట్టండి, ప్లేస్‌మెంట్ ఇస్తాం" అంటే ఫోన్ పెట్టేయండి.

తెల్లకాగితం

అందరికీ థాంక్స్. మాస్టారూ, కోపం లేదండి, జీతం సంగతి నేనూ ఆలోచిస్తున్నా. లెక్కలటీచర్ గారూ, దుప్పటి సంగతి తర్వాత అన్నారు, మర్చిపోయారు. ఇంకో ప్రశ్న, ఆ గాషె గారితో ఇప్పటికీ మాటలున్నాయా?

లెక్కలటీచర్

మర్చిపోలేదు. రెండింటికీ జవాబు ఒకటే, కాస్త పెద్దది.

దుప్పటి ఐదు కిలోలుంటుంది. వదల్లేక విమానంలో మోసుకొచ్చాను. వైజాగ్ ఉక్కపోతలో దాన్ని చూస్తేనే చెమట పడుతుంది. మా అమ్మ "ఇంత దూరం నుంచి తెచ్చింది ఇదా" అని అటక మీద పడేసింది.

2012లో గాషె వైజాగ్ వచ్చారు, ఆంధ్రా యూనివర్సిటీలో పీహెచ్‌డీకి. అక్కడ ఇథియోపియా విద్యార్థులు చాలామంది ఉంటారని మా ఊరివాళ్లకు తెలుసు. యాభై దాటినాయన, పెదవాల్తేరులో కుర్రాళ్లతో కలిసి అద్దె గదిలో. ఆదివారాలు మా ఇంటికొచ్చేవారు. టెఫ్ ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది? చోడిపిండి, బియ్యప్పిండి కలిపి మూడు రోజులు పులియబెట్టి మా దోసెల పెనం మీద ఇంజెరా పోయడానికి తంటాలు పడేవారు. మొదటి నాలుగు వారాలు అంబలి తాగాం. ఐదో వారం అట్టు వచ్చింది.

ఆ రోజు ఆయన ఇంజెరా ముక్క తుంచి, షిరో అద్ది, చుట్టి, నేరుగా మా అమ్మ నోటి దగ్గర పెట్టారు. గుర్షా అంటారు, గౌరవం ఉన్నవాళ్లకు అలా తినిపిస్తారు, కాదంటే చిన్నబుచ్చుకుంటారు. మడీ ఆచారమూ ఉన్న మనిషి మా అమ్మ. నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. నోరు తెరిచింది. నములుతూ, "ఉప్పు తక్కువైంది" అంది. మరుసటి వారం ఆవకాయ ముద్ద కలిపి ఆయన చేతిలో కాదు, నోట్లోనే పెట్టింది. ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎమోషన్ అనుకునేరు, కారం.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్. మా హాలు కిటికీ అద్దం, చట్రంతో సహా లోపలికొచ్చిపడింది. వాన జల్లు గదిలోకి. అట్టలు నిలవట్లేదు, దుప్పట్లు ఎగిరిపోతున్నాయి. అప్పుడు గుర్తొచ్చి అటక మీద నుంచి దాన్ని దించి, మా ఆయన మేకులు కొట్టి కిటికీకి వేలాడదీశాడు. గాలి దాన్ని కదపలేకపోయింది. మూడోరోజు, పడిపోయిన చెట్ల మీద నుంచి ఎక్కి దిగుతూ గాషె, ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. వాళ్ల గదికి నీళ్లు లేవు, కరెంటు లేదు, మాకూ లేదు. ఆయన గుమ్మంలో నిలబడి ఇంకేం మాట్లాడకుండా కిటికీ దగ్గరికెళ్లి దుప్పటి అంచు వేళ్లతో పట్టి చూసి, "ఇది మా ఊరిది" అన్నారు. తర్వాత మూలన కూర్చున్న మా అమ్మతో "అయిజోష్" అన్నారు.

"ఏమంటున్నాడే?" అంది. చెప్పాను. ఆ తర్వాత పోయేదాకా, మోకాళ్లు పట్టేసినప్పుడల్లా తనను తానే "అయిజోష్, అయిజోష్" అనుకుంటూ లేచేది. అమ్మహారిక్ అనేది ఆ భాషను.

గాషె 2016లో డాక్టరేట్‌తో తిరిగి వెళ్లారు. ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం, ఆయనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కలు, నాకు మిగిలిన అమ్హారిక్. 2021 నవంబర్‌లో టిగ్రే యుద్ధం దెబ్రె సినా దాకా వచ్చిందని వార్తల్లో చూశాను. మా ఊరికి ఎంతో దూరం లేదు. ఉత్తరాన వల్లో వైపు నుంచి జనం వేలల్లో దెబ్రె బిర్హాన్‌లోకి నడిచొచ్చారు. వాళ్లని బళ్లలో పెట్టారు. పన్నెండు రోజులు గాషె నుంచి కబురు లేదు. నాకు ఆ రోజుల్లో క్లాసులో ఏం చెప్పానో తెలీదు.

పదమూడోరోజు ఒక ఫొటో వచ్చింది. ఊరి చివర ఆ బడి. లెక్కల గది తాళం బద్దలుకొట్టి మూడు కుటుంబాలను ఉంచారట. తలుపు బయట అరుగు మీద ఐదారుగురు పిల్లలు కూర్చుని ఏదో ఆడుతున్నారు, మధ్యలో కుప్ప. పెద్దది చేసి చూస్తే కొర్కీలు. ఒకటి రెండింటి మీద ఎరుపు కనిపించినట్టే ఉంది. నావే అని చెప్పలేను. ఆ ఊళ్లో బీరు తాగేవాళ్లు తక్కువేం కాదు, మూతలు ఎక్కడైనా దొరుకుతాయి. గాషెని అడిగాను. "అడిగి చెప్తాను" అన్నారు. చెప్పలేదు, ఆయనకు అప్పుడు అంతకంటే పనులున్నాయి.

2023 ఆగస్టు నుంచి అక్కడ మళ్లీ వేరే పోరు, నెలల తరబడి ఇంటర్నెట్ కట్. ఇప్పుడు వారానికోసారి దొరుకుతున్నారు. రిటైరయ్యారు. ఈసారి అయిజోహ్ అనడం నా వంతు.

బాబూ, మీ పని: రాజీనామా చేయకండి, జీతం లేని సెలవు అడిగి కాగితం మీద రాయించుకోండి. సర్టిఫికెట్ మీద తేదీలు మన క్యాలెండర్‌లోనూ వేయించుకోండి. ఆఫ్రికా దేశాలకైతే ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్‌లో నారాయణగూడలో వేస్తారు, వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. చివరి వారం దాకా ఉంచుకోకండి.

తెల్లకాగితం

మేడమ్, రాత్రి మా అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. వెళ్లమనలేదు, వద్దనలేదు. "ఆ దుప్పటి ఇప్పుడెక్కడుంది" అని మాత్రం అడిగింది.

లెక్కలటీచర్

అటక మీదే. మేకులు కొట్టిన చోట నాలుగు చిల్లులు, కుట్టించాలి. కలరా ఉండలు వేసి ఉంచానని చెప్పండి.